నాలా పూడికలో పురుగుమందు: అమీర్‌పేట, పంజాగుట్ట నుంచి హుస్సేన్‌సాగర్ అడుగు దాకా

ఏటా వానాకాలానికి ముందు నగరంలో నాలాల పూడిక తీస్తారు. పొక్లెయిన్ పట్టే చోట పొక్లెయిన్ దింపుతారు. అది పట్టని ఇరుకు సందుల్లో మనుషులు దిగుతారు. తోడిన నల్లటి బురదను అక్కడే ఒడ్డున కుప్ప పోస్తారు. లారీ వచ్చేదాకా అది అక్కడే ఆరుతుంది, పొడి అవుతుంది, గాలికి లేస్తుంది. నాలా పక్క బస్తీల్లో ఉన్న మనకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ బురదలో ఏముందని అడిగితే మురుగు, ప్లాస్టిక్, మట్టి అంటారు. అవి కంటికి కనిపించేవి. కనిపించనివి కూడా ఉంటాయి. పరిశ్రమల నుంచి వచ్చిన భారలోహాలు, మందుల అవశేషాలు, పురుగుమందులు. హుస్సేన్‌సాగర్ కాలుష్యం మీద నలభై ఏళ్లుగా వార్తలు వస్తున్నాయి. వాటిలో పరిశ్రమల మీద రాశారు, వినాయక విగ్రహాల రంగుల మీద రాశారు, దుర్వాసన మీద చాలా రాశారు. పురుగుమందుల మీద తక్కువ రాశారు. ఆ బురదను ఎవరు ముట్టుకుంటున్నారన్నది ఇంకా తక్కువ రాశారు. ఈ రెండూ కలిపి చూడాల్సిన విషయాలని మేము అనుకుంటున్నాం. అందుకే తెలిసిన సమాచారాన్ని ఇక్కడ ఒక చోట పెడుతున్నాం.

వాన నీరు ఎటు పోతుంది

అమీర్‌పేట, పంజాగుట్ట, సోమాజిగూడ, బేగంపేట అన్నీ హుస్సేన్‌సాగర్‌కు పై ఎత్తున ఉన్న ప్రాంతాలు. ఇక్కడ పడిన వాన పల్లానికి జారి, మోరీల్లోంచి నాలాల్లోకి, నాలాల్లోంచి సాగర్‌లోకి చేరుతుంది. సాగర్‌లో కలిసే పెద్ద నాలాలు నాలుగు: కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బాల్కాపూర్ నాలా. వీటిలో కూకట్‌పల్లి నాలాదే అతి పెద్ద ప్రవాహం. కూకట్‌పల్లి, బాలానగర్, సనత్‌నగర్ వైపు నుంచి ఇళ్ల మురుగుతోపాటు పారిశ్రామికవాడల మురుగును కూడా దశాబ్దాలపాటు ఇదే మోసింది.

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562లో కట్టిన చెరువు ఇది. ఒకప్పుడు నగరం దీని నీళ్లు తాగింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాక తాగునీటి అవసరం తీరింది. ఆ తర్వాత చెరువు నగరపు మురుగుకు ఆఖరి మజిలీ అయింది. నాలా వేగంగా పారుతున్నంతసేపు సన్నటి మట్టిని తనతో మోసుకుపోతుంది. చెరువులో కలిసే చోట నీటి వేగం తగ్గుతుంది, మట్టి కిందకు దిగుతుంది. అందుకే నాలాల ముఖద్వారాల దగ్గర పూడిక ఎక్కువ. జపాన్ రుణంతో 2006లో మొదలైన హుస్సేన్‌సాగర్ అభివృద్ధి పథకంలో నాలాలు కలిసే చోట పూడిక తీయడాన్ని ఒక పనిగా పెట్టింది కూడా ఇందుకే.

ఈ అడుగు బురద మన చరిత్రలో ఒకసారి దేశమంతటికీ తెలిసింది. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బల్లకట్టు మునిగి కొందరు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహం 1992 డిసెంబర్ దాకా ఆ బురదలోనే పడి ఉంది. తర్వాత పైకి తీసి నిలబెట్టారు. విగ్రహం లేచింది గానీ బురద అక్కడే ఉంది. ఏటేటా దాని మీద కొత్త పొర చేరుతూనే ఉంది.

పురుగుమందు బురదలోకే ఎందుకు చేరుతుంది

పురుగుమందులన్నీ ఒకే రకం కావు. కొన్ని నీళ్లలో కరిగి కొట్టుకుపోతాయి. కొన్నింటికి నీళ్లంటే పడదు. డీడీటీనే తీసుకుందాం. లీటరు నీటిలో అది మిల్లీగ్రాములో వందో వంతు కూడా కరగదు. కొవ్వుకు, బంకమట్టికి, కుళ్లిన ఆకు అలమకు మాత్రం గట్టిగా అంటుకుంటుంది. మురుగు నాలాలో ఇలాంటి సేంద్రియ పదార్థానికి కొదవ ఉండదు. మందు ఆ రేణువులకు పట్టుకుని, వాటితోపాటే చెరువు అడుక్కి చేరుతుంది.

అడుగున వెలుతురు ఉండదు, ప్రాణవాయువు ఉండదు. పైన ఎండలో త్వరగా విరిగిపోయే రసాయనాల్లో చాలా వరకు అక్కడ నెమ్మదిగా విరుగుతాయి. నేలలో డీడీటీ సగానికి తగ్గడానికి 2 నుంచి 15 ఏళ్లు పడుతుంది. అది విరిగినా మాయం కాదు. గాలి తగిలే చోట డీడీఈగా, గాలి తగలని బురదలో ప్రధానంగా డీడీడీగా మారుతుంది. ఈ రెండూ విషాలే. బురదను పరీక్షించేవాళ్లు ఈ మూడింటి నిష్పత్తి చూస్తారు. డీడీటీ పాలు ఎక్కువగా ఉంటే ఈ మధ్య కొట్టినదని, డీడీఈ, డీడీడీల పాలు ఎక్కువైతే పాతదని అర్థం చేసుకుంటారు. చెరువు బురద ఒక రకంగా ఊరి ఖాతా పుస్తకం. ఏ కాలంలో ఏ మందు వాడామో పొరలు పొరలుగా అందులో రాసి ఉంటుంది.

అక్కడితో కథ ముగియదు. బురదలో బతికే ఎర్ర పురుగులు, నత్తలు ఆ రేణువులను తింటాయి. వాటిని చేపలు తింటాయి. ఆ చేపలను కొంగలు, మనుషులు తింటారు. మెట్టు మెట్టుకూ కొవ్వులో మోతాదు పెరుగుతుంది. నీళ్లలో పరికరానికి కూడా అందనంత తక్కువగా ఉన్న మందు చేప ఒంట్లో కొలవగలిగినంత ఉంటుంది. తల్లిపాలలో డీడీటీ దొరకడానికి కారణం ఈ గొలుసే.

పొలాలు లేని చోట పురుగుమందు ఎక్కడిది

పురుగుమందు అనగానే మనకు వరంగల్, గుంటూరు పత్తి చేలు గుర్తొస్తాయి. మైత్రీవనం చుట్టూ చేలు ఎక్కడున్నాయని ఎవరైనా అడగొచ్చు. నగరానికి దాని దారులు దానికి ఉన్నాయి.

మొదటిది దోమ. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది అమీర్‌పేటకు కూతవేటు దూరంలో ఉన్న బేగంపేటలోనే. ఆ భవనం ఇప్పటికీ ఉంది. స్వాతంత్ర్యం తర్వాత 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం మొదలైంది. దాని ప్రధాన ఆయుధం డీడీటీ. మోరీల పక్కన తెల్లటి గమాక్సిన్ పొడి చల్లడం పాత తరానికి బాగా గుర్తు. గమాక్సిన్ అంటే హెచ్‌సీహెచ్ రకానికి చెందిన మందు, రైతులు బీహెచ్‌సీ అని పిలిచేది కూడా ఇదే. ఇప్పుడు లార్వాలకు టెమిఫాస్ వంటివి, పొగ బండిలో మలాథియాన్ లేదా పైరిథ్రాయిడ్ మందులు వాడతారు. మోరీలో పోసిన మందు మోరీలో ఆగదు.

రెండోది చెద. కొత్త భవనం పునాది తీసినప్పుడు చెదలు పట్టకుండా మట్టికి మందు పోస్తారు. ఒకప్పుడు ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ పోసేవాళ్లు. అవి పోయాక క్లోర్‌పైరిఫాస్ వచ్చింది. గత ముప్పై ఏళ్లలో అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఎన్ని పునాదులు తవ్వారో లెక్క వేసుకుంటే ఈ దారి ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ మందు కలిపిందీ, పోసిందీ ఎక్కువగా అడ్డా మీద నుంచి తెచ్చిన కూలీలే.

మూడోది ఇళ్లు, హాస్టళ్లు, హోటళ్లు. బొద్దింకలకు, నల్లులకు, దోమలకు కొట్టే స్ప్రేలలో ఎక్కువ భాగం పైరిథ్రాయిడ్లు. మనుషులకు తక్కువ ప్రమాదమని వీటికి పేరు. కానీ ఇవి బురదకు గట్టిగా అంటుకుంటాయి. అందులోని చిన్న జీవులను చాలా తక్కువ మోతాదులోనే చంపుతాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో రోజ్‌విల్ అనే ఊళ్లో ఇళ్ల మధ్య పారే వాగుల బురదను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ పొలాలు లేవు. అయినా ఇళ్ల చుట్టూ కొట్టిన పైరిథ్రాయిడ్లు వాగు బురదలోని జీవులను చంపే స్థాయిలో దొరికాయి. పురుగుమందు పొలం సమస్య మాత్రమేననే నమ్మకాన్ని ఆ అధ్యయనం దెబ్బతీసింది.

నాలుగోది పరిశ్రమ. రసాయనాలు తయారుచేసే, కలిపే, సీసాల్లో నింపే చోట కడిగిన నీళ్లు ఎటో ఒకటు పోవాలి. శుద్ధి చేయకుండా వదిలితే పోయేది నాలాలోకే.

హైదరాబాద్‌లో, కొల్లేరులో తేలినవి

హైదరాబాద్ భూగర్భ జలాల్లో పురుగుమందుల మీద ఒక అధ్యయనం 2006లో ఒక అంతర్జాతీయ పర్యావరణ పత్రికలో వచ్చింది. నగరంలోని 28 ఇళ్ల బావుల నీటిని పరీక్షించారు. డీడీటీ, లిండేన్, ఆల్ఫా ఎండోసల్ఫాన్, బీటా ఎండోసల్ఫాన్ నాలుగూ దొరికాయి. లీటరుకు డీడీటీ 0.15 నుంచి 0.19 మైక్రోగ్రాములు, లిండేన్ 0.68 నుంచి 1.38, ఆల్ఫా ఎండోసల్ఫాన్ 1.34 నుంచి 2.14 మైక్రోగ్రాములు ఉన్నాయి. తాగునీటిలో ఎండోసల్ఫాన్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ ఇప్పుడు పెట్టిన హద్దు 0.4 మైక్రోగ్రాములు. అంటే దొరికింది దానికి మూడు రెట్ల నుంచి ఐదు రెట్లకు పైగా. డీడీటీ, లిండేన్ మన ప్రమాణాల్లో హద్దు లోపలే ఉన్నాయి. ఐరోపాలో ఏ ఒక్క పురుగుమందుకైనా హద్దు 0.1 మైక్రోగ్రామే. ఆ లెక్కన ఇవన్నీ హద్దు దాటినవే.

బావి నీళ్లలోకి ఇవి చేరాయంటే పైన మట్టిని, నాలాను, చెరువును దాటి వచ్చినట్టే. నీళ్లకు పడని మందు నీళ్లలో ఈమాత్రం కనిపిస్తే, అది ఇష్టంగా అంటుకునే మట్టిని వదిలేసి నీళ్లను మాత్రమే పరీక్షించడం సగం పనే అవుతుంది.

మట్టిని కూడా పరీక్షించిన ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరులతోపాటు పొలాల డ్రెయిన్లు వచ్చి కలుస్తాయి. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. అప్పటికే దాని నిండా చేపల చెరువులు ఉన్నాయి. ఆ చెరువుల నీళ్లు, అడుగు మట్టి, చేపలు మూడింటిలోనూ పురుగుమందుల నిలకడను పరిశీలించిన పరిశోధన 2002లో వెలువడింది. అంతకు ముందు ఏడాది కొల్లేరు చేపల కండరంలోని అవశేషాల మీద మరో పరిశోధన వచ్చింది. నీళ్లు, మట్టి, చేప అని మూడింటినీ కలిపి చూడటమే సరైన పద్ధతి. కొల్లేరులో సాధ్యమైనది రాజధాని నడిబొడ్డున ఉన్న చెరువులో ఏటా ఎందుకు జరగదన్నది మా ప్రశ్న.

నిషేధాల సంగతి

గుర్తుపెట్టుకోవాల్సిన కొన్ని పేర్లు, తేదీలు ఇవి.

డీడీటీ: వ్యవసాయంలో వాడకాన్ని 1989లో ఆపేశారు. దోమల వంటి రోగవాహకాల నివారణకు మినహాయింపు ఉంచారు.
బీహెచ్‌సీ: 1997లో నిషేధించారు.
ఎండోసల్ఫాన్: 2011 మేలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగింది. కేరళలోని కాసరగోడ్ జీడితోటల చుట్టూ పుట్టిన పిల్లల పరిస్థితి ఆ పోరాటానికి మూలం.
లిండేన్: తయారీ 2011లో, వాడకం 2013లో నిషిద్ధమయ్యాయి.
క్లోర్‌పైరిఫాస్: 2025లో స్టాక్‌హోం ఒప్పందం జాబితాలోకి, కొన్ని మినహాయింపులతో చేరింది.

స్టాక్‌హోం ఒప్పందం అంటే పర్యావరణంలో ఏళ్ల తరబడి నిలిచిపోయే విషాలను ప్రపంచం నుంచి తొలగించడానికి 2001లో కుదిరిన ఒప్పందం. భారతదేశం దాన్ని 2006 జనవరిలో ఆమోదించింది. నిషేధం దుకాణంలో అమ్మకాన్ని ఆపుతుంది. అప్పటికే చెరువు అడుక్కి చేరినదాన్ని అది ఏమీ చేయలేదు. పూడిక కదిలించినప్పుడల్లా ఆ పాత మందు మళ్లీ పైకి వస్తుంది.

ఒంటికి ఏం చేస్తుంది

ఇక్కడ భయపెట్టకుండా, దాచకుండా చెప్పాలి. నాలాలోకి దిగిన మనిషిని అక్కడికక్కడే చంపేది ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువు, ఊపిరాడకపోవడం. పూడికలోని పురుగుమందు మోతాదు సాధారణంగా ఒక్కరోజులో మనిషిని పడగొట్టేంత ఉండదు. దాని పని నిదానం. చర్మం గుండా, ఆరిన బురద దుమ్ము గుండా, కడుక్కోని చేత్తో తిన్న అన్నం గుండా ఏళ్ల తరబడి లోపలికి పోతుంది. కొవ్వులో నిలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో లిండేన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా ఖరారు చేసింది. డీడీటీని, మలాథియాన్‌ను బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. మన దగ్గర జరిగిన పని కూడా ఉంది. బేగంపేటలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యు సంస్థ పరిశోధకులు పత్తి చేలలో మందు కొట్టే మగవాళ్ల కుటుంబాలను పరిశీలించి 1991లో ఫలితాలు ప్రచురించారు. ఆ మందు తగలని కుటుంబాలతో పోలిస్తే వీళ్ల ఇళ్లలో గర్భస్రావాలు ఎక్కువగా ఉన్నాయి. మందు కొట్టింది మగవాళ్లు, నష్టపోయింది ఆడవాళ్ల కడుపులు. పరిశ్రమలో, చేలో, నాలాలో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఇలాంటి నష్టాన్ని తలరాత అనుకుని వదిలేస్తారు.

గాఢమైన మందు, అంటే డబ్బాలోది, ఒంటి మీద పడితే వేరే సంగతి. విపరీతమైన చెమట, నోట్లో నీళ్లు ఊరడం, చూపు మసకబారడం, కంటిపాప సన్నబడటం, వాంతులు, ఊపిరి ఆడకపోవడం ఆర్గానోఫాస్ఫేట్ విషానికి గుర్తులు. బట్టలు విప్పి, సబ్బు నీళ్లతో ఒళ్లంతా కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు డబ్బా గానీ, దాని మీది చీటీ గానీ వెంట తీసుకెళ్తే డాక్టర్లకు సాయం.

బురద ఎవరి పని

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. విషం అందరి మీదా సమానంగా పడుతుందని పర్యావరణం మీద మాట్లాడేవాళ్లు తరచూ అంటారు. బురద విషయంలో అది నిజం కాదు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం గాలికి తిరిగే మనిషికి, నాలాలో నడుము లోతు దిగిన మనిషికి మధ్య దూరం కులం గీసింది.

మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల వివరాలు కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద సేకరించింది. 2024 సెప్టెంబర్ నాటికి నమోదైన సుమారు 38,000 మందిలో 68.9 శాతం ఎస్సీలు. ఎస్టీ, బీసీలను కలిపితే 91.9 శాతం. జనాభాలో ఎస్సీల వాటా ఆరో వంతు. ఈ పనిలో వాటా మూడింట రెండు వంతులకు పైగా. హైదరాబాద్‌లో చీపురు, పార, తట్ట పట్టినవాళ్లలో మాదిగ, మాల, రెల్లి, మెహతర్ కుటుంబాల వాళ్లు ఎందరో ఈ నగరంలో తిరిగే ఎవరికైనా తెలుసు.

చట్టం ఏమంటుంది? 2013 చట్టం చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధించింది. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని కూడా నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా లేదా రెండూ పడతాయి. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఒక దళితుడి చేత ఈ పని చేయించడమే అత్యాచార నేరం. మురుగు కాల్వలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో, 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో చెప్పింది. హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగు కాల్వల్లోకి దింపడం ఆగాలని 2025 జనవరిలో ఆదేశించింది.

ఇక్కడ ఒక సందు ఉంది. "ప్రమాదకర శుభ్రత" అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం మూత ఉన్న మురుగు కాల్వకు, సెప్టిక్ ట్యాంకుకు చెందింది. తెరిచి ఉన్న నాలాను, చెరువు ముఖద్వారాన్ని వాన నీటి కాల్వ అని కాగితం మీద రాసుకుంటారు. కాంట్రాక్టర్ అందులో మనిషిని దింపితే అది "పూడికతీత" అవుతుంది. మలం కలిసే తెరిచిన కాల్వను చేత్తో శుభ్రం చేయడం కూడా మాన్యువల్ స్కావెంజింగ్ నిర్వచనంలోకి వచ్చే సందర్భాలు ఉన్నాయని అదే చట్టం చెబుతుంది. ఆ వాక్యాన్ని మాత్రం ఎవరూ తీయరు. రసాయనాల సంగతి అసలు ఏ వాక్యంలోనూ లేదు. పురుగుమందు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి చేతి తొడుగు, ముక్కు ముసుగు ఇవ్వాలని ఒప్పుకునే వ్యవస్థ, అదే మందు చేరిన బురదను ఎత్తేవాడికి పార ఇచ్చి సరిపెడుతుంది. కారణం, ఇది రసాయన పని అని ఎవరూ అనుకోరు. పారిశుధ్య పని అంటారు. పారిశుధ్యం ఎవరి పనో మన సమాజం ఎప్పుడో తేల్చేసింది.

నష్టం పనిచేసేవాళ్లతో ఆగదు. 2020 అక్టోబర్ వానలకు నాలాలు పొంగి, సాగర్ నిండి, పల్లపు బస్తీల్లోకి నీళ్లు వచ్చాయి. సాగర్ పక్కన రాజ్‌భవన్ వెనుక ఉన్న ఎం.ఎస్. మక్తా లాంటి చోట్ల ముంపు కొత్త కాదు. నీళ్లు రెండు రోజుల్లో పోతాయి. ఇంట్లో మిగిలేది బురద. దాన్ని చేత్తో, చేటతో ఎత్తిపోసేది ఆడవాళ్లు. సాగర్ నుంచి పొర్లిన నీళ్లు మూసీలో కలుస్తాయి. మూసీ దిగువన ఆ నీళ్లతో గడ్డి, ఆకుకూరలు పండిస్తారు. ఆ మళ్లలో మోకాళ్ల లోతు నీళ్లలో పనిచేసేవాళ్లలోనూ మన ఆడవాళ్లు ఉన్నారు.

నీటికి లెక్క ఉంది, బురదకు లేదు

కాలుష్య నియంత్రణ మండలి చెరువుల మీద నెలనెలా ఇచ్చే పట్టికల్లో ఆమ్లత్వం, కరిగిన ఆక్సిజన్, బీఓడీ, కోలిఫాం బ్యాక్టీరియా వంటివి ఉంటాయి. అవన్నీ నీటి లెక్కలు. నీటిలో ఆక్సిజన్ పెరిగితే చెరువు బాగుపడిందని ప్రకటిస్తారు. పైన నీళ్లు తేటపడినా అడుగున విషం అలాగే ఉండొచ్చు.

కెనడా లాంటి దేశాలు చెరువు బురదకు విడిగా మార్గదర్శక హద్దులు పెట్టుకున్నాయి. అక్కడ మంచినీటి చెరువు బురదలో కిలోకు లిండేన్ 0.94 మైక్రోగ్రాము, డీడీటీ 1.19 మైక్రోగ్రాములు దాటితే జీవులకు హాని మొదలవవచ్చని లెక్క. మన దగ్గర తాగునీటికి ఇలాంటి పట్టిక ఉంది. చెరువు బురదకు కూడా ఒకటి రావాలి. హద్దు అంటూ ఉంటేనే అది దాటారని ఒకరిని నిలదీయగలం.

మేము అడుగుతున్నవి

ఒకటి, పూడిక ఎత్తే ముందు పరీక్షించాలి. నాలా మలుపుల దగ్గర, ముఖద్వారాల దగ్గర బురద తీసి భారలోహాలతోపాటు డీడీటీ, హెచ్‌సీహెచ్, ఎండోసల్ఫాన్, క్లోర్‌పైరిఫాస్, పైరిథ్రాయిడ్లకు పరీక్ష చేయాలి. ఫలితాలు తెలుగులో, ఉర్దూలో ఆ బస్తీలోనే అంటించాలి.

రెండు, టెండర్ కాగితంలోనే కార్మికుడి రక్షణ రాయాలి. యంత్రం పట్టని చోటుకు చిన్న యంత్రం తేవాలి గానీ మనిషిని దింపకూడదు. ఒడ్డున బురద దగ్గర పనిచేసేవాళ్లకు బూట్లు, తొడుగులు, ముసుగు, పని అయ్యాక స్నానానికి నీళ్లు, సబ్బు ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఇవే వర్తించాలి.

మూడు, తీసిన బురద ఎక్కడికి పోతుందో చెప్పాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం విషపూరితమని తేలినదాన్ని దుండిగల్‌లో ఉన్నలాంటి ప్రత్యేక కేంద్రానికే పంపాలి. ఊరి బయట ఇంకో దళితవాడ పక్కన పోసి రావడం పరిష్కారం కాదు.

నాలుగు, నాలా కార్మికులకు ఏటా ఆరోగ్య పరీక్షలు చేయాలి. ఆ కాగితాలు వాళ్ల చేతికే ఇవ్వాలి. జబ్బు పని వల్ల వచ్చిందని రుజువు చేసే భారం వాళ్ల మీద వేయొద్దు.

బస్తీ నుంచి చేయగలిగినవి కూడా ఉన్నాయి. మీ నాలా పూడిక టెండర్ ఎవరికి వచ్చింది, ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశారు, ఎక్కడ పోశారు, బురద పరీక్ష నివేదిక ఉందా అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఫీజు 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లు దారిద్ర్యరేఖ దిగువన ఉన్నట్టు చూపితే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నివేదిక లేదని రాసిచ్చినా అది పనికొచ్చే కాగితమే. పరీక్ష చేయకుండానే మనుషులను దింపారని దానితో చెప్పవచ్చు. మనుషులను నాలాలో దింపడం కనిపిస్తే తేదీ, చోటు తెలిసేలా ఫొటో తీసి పెట్టుకోండి. కార్మికుల ముఖాలు మాత్రం బయట పెట్టకండి. పని పోయేది వాళ్లకే. ఆరబెట్టిన పూడిక మట్టిని ఇంటి ముందు పల్లం పూడ్చడానికి, కుండీలకు తెచ్చుకోవద్దు. సాగర్‌లో, నాలాల్లో పట్టిన చేపలు తినకపోవడం మంచిది.

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టారు. చెరువు అందరిదీ అయినప్పుడు దాని నీళ్ల మీద మాకూ హక్కు ఉందన్నది ఆనాటి మాట. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ పక్కనే ఆయన 125 అడుగుల విగ్రహం లేచింది. ఆ విగ్రహాన్ని చూడటానికి వచ్చేవాళ్లు సాగర్ గాలి పీలుస్తారు. దాని కింద ఉన్న బురదను రేపు ఎత్తబోయేది ఆయన మనుషులే. చెరువు నీళ్లు ముట్టుకోనివ్వని కులమే ఇవాళ చెరువు బురదను మన చేత ఎత్తిస్తోంది. వచ్చే వానాకాలానికి ముందు నాలాలోకి ఎవరినైనా దింపాలనుకుంటే, ముందు ఆ బురద పరీక్ష కాగితం చూపించమని అడుగుదాం.